కోటి టికెట్ల దగ్గరే ఆగిపోయిన సినిమా

2017 అక్టోబర్ 6, శుక్రవారం. అమెరికా, కెనడాల్లో కలిపి 4,058 థియేటర్లలో ‘బ్లేడ్ రన్నర్ 2049’ విడుదలైంది. మొదటి మూడు రోజులకు నాలుగున్నర నుంచి అయిదు కోట్ల డాలర్ల ఓపెనింగ్ ఖాయమని ట్రేడ్ వర్గాలు లెక్కలు కట్టుకున్నాయి. చివరికి తేలింది 3.27 కోట్లు. సోమవారం తెల్లారేసరికే చాలామంది కారణం కూడా తేల్చేశారు: సినిమా మరీ పొడుగు, 163 నిమిషాలు ఎవరు కూర్చుంటారు?

ఈ మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. మొదటి ‘బ్లేడ్ రన్నర్’ తీసిన రిడ్లీ స్కాట్ కూడా అదే అన్నాడు. ఈ సీక్వెల్‌కు ఆయన ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్. అయినా విడుదలైన రెండు మూడు నెలలకే, సినిమా బాగా పొడుగైందని, తానైతే అరగంట కోసేసేవాణ్ణని బాహాటంగా చెప్పాడు. ఆయనంతటి వాడు అన్నాక కాదనేవారెవరు? కాదనడానికి నాకు అంకెలు కనిపిస్తున్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదట, చూసినవాళ్లు ఏమన్నారు? అమెరికాలో సినిమాస్కోర్ అనే సంస్థ ఉంది. విడుదల రోజు థియేటర్ల బయట ప్రేక్షకుల చేతికి చిన్న కార్డు ఇస్తుంది. వయసెంత, ఆడా మగా, ఎందుకొచ్చారు, ఈ సినిమాకి ఏ గ్రేడ్ ఇస్తారు అని అడుగుతుంది. మన దగ్గర బెనిఫిట్ షో నుంచి బయటికొచ్చేవాళ్ల ముఖాల ముందు మైకు పెట్టి తెలుసుకునే టాక్‌నే వాళ్లు కార్డు మీద రాయించుకుంటారన్నమాట. ‘2049’కి వచ్చిన గ్రేడ్ ఎ మైనస్. నెమ్మదిగా సాగే సినిమాలను ఈ కార్డులు ఊరికే వదలవు, సీ, డీ గ్రేడ్లు పడ్డ మంచి సినిమాలు బోలెడున్నాయి. అలాంటిచోట ఎ మైనస్ అంటే, కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది తృప్తిగానే లేచారని అర్థం.

సరే, మొదటి రోజు వచ్చేది అభిమానులే కదా, వాళ్లు బాగుందనే అంటారు అనుకోవచ్చు. అందుకు ఇంకో లెక్క ఉంది. మొత్తం వసూలును మొదటి వారాంతం వసూలుతో భాగిస్తే లాంగ్ రన్ ఎలా ఉందో తెలుస్తుంది. ‘2049’ అమెరికా, కెనడాల్లో మొత్తం మీద 9.2 కోట్ల డాలర్లు రాబట్టింది. 3.27తో భాగిస్తే 2.8. అంతకుముందు ఏడాది వచ్చిన ‘బ్యాట్‌మన్ వర్సెస్ సూపర్‌మన్’కి ఇదే లెక్క వేస్తే 2 కూడా రాదు: 16.6 కోట్లతో మొదలై 33 కోట్ల దగ్గర ఆగింది. మౌత్ టాక్ చంపేసిన సినిమా అంటే అదీ. ‘2049’ రెండో వారాంతం 53 శాతం పడిపోయి 1.55 కోట్లు తెచ్చుకుంది. ఈ స్థాయి పెద్ద సినిమాలకు అది మామూలు పతనమే. అంటే జబ్బు మౌత్ టాక్‌లో లేదు. మొదటి శుక్రవారానికి గడప దాకా రాని జనంలో ఉంది.

ఇప్పుడు నిడివి సంగతి. పొడుగు సినిమా వసూళ్లను రెండు రకాలుగా దెబ్బతీయగలదు. ఒకటి, ఆటల సంఖ్య. సినిమా 163 నిమిషాలు, ముందు ట్రైలర్లు, ఆట ఆటకీ మధ్య హాలు ఊడవడం, అన్నీ కలిపితే మూడు గంటల ఇరవై నిమిషాలు. రోజుకి ఒక స్క్రీన్‌లో ఒక ఆట తగ్గుతుంది. ఆ తగ్గిన ఆట వల్ల టికెట్లు దొరక్క జనం వెనక్కి పోయారా? 2017లో అమెరికాలో సగటు టికెట్ ధర 8.97 డాలర్లు. 3.27 కోట్లను దానితో భాగిస్తే సుమారు 36.5 లక్షల టికెట్లు. వాటిని 4,058 థియేటర్లకు పంచితే, ఒక్కో థియేటర్‌కు మొదటి వారాంతం మొత్తానికి 900. రోజుకి 300. అమెరికాలో థియేటర్ అంటే నాలుగైదు మొదలు ఇరవై దాకా తెరలున్న మల్టీప్లెక్స్, అక్కడ రోజుకి 300 టికెట్లంటే సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఇంకో ఆట వేసి ఉంటే ఖాళీ సీట్లు ఇంకొన్ని పెరిగేవి, అంతే.

రెండోది, నిడివి చూసి జనం భయపడటం. దీనికి జవాబు అదే దర్శకుడు తర్వాత తీసిన సినిమాలో దొరుకుతుంది. డెనీ విల్‌నవ్ 2024 మార్చి 1న ‘డ్యూన్: పార్ట్ టూ’ విడుదల చేశాడు. అదీ సైన్స్ ఫిక్షనే, అదీ సీక్వెలే, అదీ నిదానంగా నడిచేదే. నిడివి 166 నిమిషాలు, ‘2049’ కంటే మూడు నిమిషాలు ఎక్కువ. అమెరికాలో మొదటి వారాంతం 8.25 కోట్లు, ప్రపంచవ్యాప్తంగా 71 కోట్ల డాలర్లకు పైమాటే. జేమ్స్ కామెరాన్ ‘అవతార్: ద వే ఆఫ్ వాటర్’ 192 నిమిషాలుంది, పదమూడేళ్ల విరామం తర్వాత వచ్చింది, 230 కోట్ల డాలర్లు దాటింది. ఇక మన సంగతి చెప్పనే అక్కర్లేదు. ‘ఆర్ఆర్ఆర్’ 182 నిమిషాలు, ‘కల్కి 2898 ఏడీ’ 181, ‘పుష్ప 2’ ఏకంగా 200. మూడు గంటల బొమ్మకి పిల్లాపాపలతో వెళ్లొచ్చే తెలుగువాడికి 163 నిమిషాలంటే ఒక లెక్కా?

మరి లోపం ఎక్కడుంది? నా దృష్టిలో అసలు అంకె 1982లో ఉంది.

ఆ ఏడాది జూన్ 25న మొదటి ‘బ్లేడ్ రన్నర్’ వచ్చింది. ఫిలిప్ కె. డిక్ 1968 నాటి నవల ఆధారంగా తీసిన సినిమా. విడుదలకు దాదాపు నాలుగు నెలల ముందే, మార్చిలో, ఆయన కన్నుమూశాడు. డెన్వర్, డాలస్ నగరాల్లో ముందస్తు ప్రదర్శనలు వేస్తే జనం తికమకపడ్డారు. స్టూడియో కంగారుపడి హారిసన్ ఫోర్డ్ చేత వాయిస్ ఓవర్ చెప్పించింది, చివర ఒక సుఖాంతాన్ని అతికించింది. ఆ అతుకులో కనిపించే కొండల దృశ్యాలు స్టాన్లీ క్యూబ్రిక్ ‘ద షైనింగ్’ కోసం తీసి వాడని ఫిలిం నుంచి తెచ్చుకున్నవి. ఇంతా చేసినా ఫలితం లేదు. రెండు వారాల ముందే వచ్చిన స్పీల్‌బర్గ్ ‘ఈ.టీ.’ ఊళ్లకు ఊళ్లను థియేటర్లకు లాక్కుపోతోంది. దాదాపు 3 కోట్ల డాలర్లు పెట్టి తీసిన సినిమా తొలి విడుదలలో అమెరికాలో 2.76 కోట్ల గ్రాస్ దగ్గర ఆగింది.

తర్వాత జరిగింది వేరే కథ. వీడియో క్యాసెట్లు ఇంటింటికీ తీసుకెళ్లాయి. 1992లో డైరెక్టర్స్ కట్, 2007లో ఫైనల్ కట్ వచ్చాయి. 1993లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చోటు దక్కింది. వాన, నియాన్ దీపాలు, ఇరుకు సందులున్న భవిష్యత్ నగరం ఎక్కడ కనబడినా దీని పేరే చెప్పుకునే రోజులొచ్చాయి. ముప్పై అయిదేళ్లలో ఒక ఫ్లాప్ సినిమా క్లాసిక్ అయింది. ఆ కీర్తిని చూసే నిర్మాతలు ‘2049’ మీద 15 కోట్ల నుంచి 18.5 కోట్ల డాలర్ల మధ్య పెట్టుబడి పెట్టారు.

ఇప్పుడు రెండు సినిమాల డాలర్లను పక్కనబెట్టి టికెట్లు లెక్కపెడదాం. 1982లో సగటు టికెట్ 2.94 డాలర్లు. 2.76 కోట్లను దానితో భాగిస్తే దాదాపు 94 లక్షల టికెట్లు. 2017లో 9.2 కోట్లను 8.97తో భాగిస్తే సుమారు 1.03 కోట్ల టికెట్లు. ఇది సగటు మీద వేసిన లెక్క. ఐమాక్స్ లాంటి ఖరీదైన తెరల మీద చూసినవాళ్లు ఎక్కువ కాబట్టి రెండో అంకె నిజానికి ఇంకాస్త తగ్గొచ్చు.

నేను ఈ భాగహారం మొదటిసారి చేసినప్పుడు తప్పు చేశాననుకుని మళ్లీ చేశాను. ముప్పై అయిదేళ్ల పేరు, పుస్తకాలు, పాఠాలు, పోస్టర్లు, ఇన్నీ కలిసి థియేటర్ దాకా తెచ్చిన జనం ఫ్లాపైన మొదటి సినిమాకి వచ్చిన జనం కంటే ఓ పదో వంతు కూడా ఎక్కువ లేరు. సినిమాని ప్రాణంగా ప్రేమించేవాళ్లు తీవ్రంగా ప్రేమించారు, కానీ వాళ్ల సంఖ్య పెద్దగా పెరగలేదు. పదిమంది గట్టిగా మాట్లాడుతుంటే ఊరంతా మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. నిర్మాతలకు వినిపించింది అదే.

వచ్చిన ఆ కోటిమందిలో ఎవరున్నారు? మొదటి వారాంతం ప్రేక్షకుల్లో 71 శాతం మగవాళ్లు, అందులో పాతికేళ్లు దాటినవాళ్లదే పైచేయి. సినిమాకి ఆర్ రేటింగ్, అంటే పదిహేడేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లు తోడుంటేనే వెళ్లాలి. ‘డ్యూన్’కి పీజీ-13, ఆ అడ్డంకి లేదు. ‘2049’ రెండో వారంలోనే ‘హ్యాపీ డెత్ డే’ అనే చిన్న హారర్ సినిమా వచ్చి 2.6 కోట్లతో దాన్ని కిందికి నెట్టింది. దాని బడ్జెట్ అరకోటి డాలర్లు కూడా కాదు. కుర్రకారు అటు వెళ్లారు. ఆడవాళ్లు ఎందుకు రాలేదన్నదానికి చూసినవాళ్లలోనే ఒక విమర్శ బలంగా వినిపించింది: కథలో స్త్రీ పాత్రలు అయితే అమ్ముడయ్యే బొమ్మలు, కాకపోతే బలయ్యేవాళ్లు అని. సినిమాని ప్రేమించే నేను కూడా ఆ మాట తోసిపుచ్చలేను. జోయ్ అనే హాలోగ్రామ్ అమ్మాయి మీద దర్శకుడికి జాలి ఉంది, నిజమే. కానీ ఆకాశమంత ఎత్తున నగ్నంగా వంగి హీరోని పలకరించే ప్రకటన బొమ్మగా ఆమెని చూపించినప్పుడు, ఆ జాలి అందరికీ అందుతుందని ఎలా ఆశిస్తాం?

ప్రచారం ఇంకో దెబ్బ. కథలో ఏ చిన్న విషయమూ బయటపెట్టొద్దని విమర్శకులకు ముందే వినతి వెళ్లింది. హీరో కే మనిషి కాడని, తయారుచేసిన రెప్లికెంట్ అని కూడా రాయొద్దన్నారు. అది తెర మీద మొదటి పది పదిహేను నిమిషాల్లోనే తెలిసిపోతుంది! తన జాతివాళ్లనే వేటాడే ఉద్యోగం చేస్తున్న ఒక కృత్రిమ మనిషి, తనకీ ఒక తల్లి కడుపు ఉందేమోనని వెతుక్కునే కథ ఇది. ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంటే, పాత సినిమా చూడని అమ్మాయికైనా అబ్బాయికైనా లోపలికి దారి దొరికేది. ట్రైలర్లు పేలుళ్లు చూపించాయి, కథ దాచాయి. పాత అభిమానికి ఆ గుట్టు గౌరవంలా తోచింది. కొత్తవాడికి తాళం వేసిన తలుపులా కనిపించింది.

డబ్బు లెక్క త్వరగా ముగిస్తాను. ప్రపంచవ్యాప్త గ్రాస్ సుమారు 26, 27 కోట్ల డాలర్లు. మన బయ్యర్లకు తెలిసినట్టే గ్రాస్ వేరు, షేర్ వేరు. అమెరికాలో ఇంచుమించు సగం, బయటి దేశాల్లో నలభై శాతం చొప్పున వేసుకున్నా తిరిగొచ్చేది 11, 12 కోట్లు. నిర్మాణ ఖర్చే తీరలేదు, ప్రచారం ఖర్చు దానికి అదనం. సినిమా తీసిన ఆల్కన్ సంస్థకు 8 కోట్ల దాకా నష్టమని ట్రేడ్ పత్రికలు రాశాయి. 2018 మార్చి 4న ఆస్కార్ వేదిక మీద ఛాయాగ్రహణానికి రోజర్ డీకిన్స్ పేరు పిలిచారు, పద్నాలుగో నామినేషన్‌కి తొలి ఆస్కార్. విజువల్ ఎఫెక్ట్స్‌కి ఇంకొకటి. అప్పటికి సినిమా థియేటర్లలో లేదు.

ఇక ఆ కోయాల్సిన అరగంట. ఎక్కడ కోయాలి? సినిమా మొదట్లో ఒక వంటిల్లుంది. పొయ్యి మీద గిన్నె కుతకుత ఉడుకుతుంటుంది. కే చీకట్లో కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తుంటాడు. ఇంటాయన శాపర్ మోర్టన్ పొలం నుంచి వచ్చి, పని దుస్తులు విప్పి, తీరిగ్గా చేతులు కడుక్కుంటాడు. వెల్లుల్లి వాసన గురించి మాటలు నడుస్తాయి. తర్వాత గోడలు బద్దలవుతాయి. ఈ ఉడికే గిన్నె 1982 సినిమాకి రచయిత హాంప్టన్ ఫాంచర్ రాసుకున్న ప్రారంభం, అప్పుడు తీయడం కుదరలేదు. ముప్పై అయిదేళ్లు ఆగి తెరకెక్కిన గిన్నె అది. వేగం పేరుతో దాన్ని దించేస్తే, ఆ ఇంట్లో ఒక మనిషి బతికాడన్న సంగతే మనకి అందదు.

నేను చూసిన ఆటలో, కే పాత కొలిమి బూడిదలో చెయ్యిపెట్టి చెక్క గుర్రం బయటికి తీసిన కాసేపటికే ఇంటర్వెల్ అని లైట్లు వేసేశారు. దర్శకుడు పెట్టని చోట పడిన ఇంటర్వెల్. ఆ గుర్రం తన నిజమైన జ్ఞాపకమా, అమర్చిన జ్ఞాపకమా అని అతను వణికిపోతున్న ఘట్టం, మన చేతిలో పాప్‌కార్న్. మళ్లీ దీపాలు ఆర్పేసరికి నా ముందు వరుసలో నలుగురు లేరు. సగానికి పైగా ఖాళీగా ఉన్న హాల్లో మిగిలినవాళ్లం దూరదూరంగా కూర్చున్నాం.

చివర్లో కే మంచు పడుతున్న మెట్ల మీద వెల్లకిలా పడుకుంటాడు. చెయ్యి చాపి పడుతున్న మంచును చూస్తాడు. అదే సమయానికి లోపల అద్దాల గదిలో ఒక అమ్మాయి, ఇంకొకరి కోసం జ్ఞాపకాలు తయారుచేస్తూ, తన అరచేతుల మధ్య మంచు కురిపిస్తుంటుంది. బయట నిజం మంచు, లోపల కల్పించిన మంచు. మాటలు దాదాపు ఉండవు. ఆ నిశ్శబ్దం ఒక నిమిషమో రెండు నిమిషాలో ఉంటుంది. మా హాల్లో మిగిలిన పాతిక ముప్పైమందిలో ఒక్కరూ ఫోన్ తీయలేదు. పేర్లు పడుతుంటే కూడా ఇద్దరు ముగ్గురు లేవలేదు, వాళ్ల కాళ్ల సందున చీపురు పెట్టి ఊడుస్తున్నా అలాగే కూర్చున్నారు.