సముద్రం లేని చోటికి ఓడ సరుకు ఎలా వస్తుంది?

విజయపురి సౌత్ లాంచీ రేవులో నిలబడితే కనుచూపు మేరా నీళ్లే. చిన్నపిల్లలైతే సముద్రమే అనుకుంటారు. కాదు, ఇది కృష్ణమ్మ. చుక్క కూడా ఉప్పగా ఉండదు. అవతలి గట్టు తెలంగాణ. 2014 జూన్ 2న ఆ రాష్ట్రం ఏర్పడినప్పుడు తీరమంతా ఆంధ్రప్రదేశ్‌కే ఉండిపోయింది. ఆ మాటకొస్తే మన పల్నాడు జిల్లాకూ తీరం లేదనుకోండి!

మరి హైదరాబాద్‌కు విదేశీ సరుకు ఎలా చేరుతుంది?

వీధి వాకిలి లేని వెనకింటిని ఊహించుకోండి. గ్యాస్ బండ రావాలన్నా ముందింటివాళ్ల సందులోంచే రావాలి. ఇదీ అంతే. కంటెయినర్ అనే పెద్ద ఇనప పెట్టె ఓడ దిగి, వేసిన సీలు వేసినట్టే రైలెక్కి సనత్‌నగర్ డిపోకి వస్తుంది. కస్టమ్స్ వాళ్లు అక్కడ తనిఖీ చేసి పన్ను కట్టించుకుంటారు. ఇలాంటి చోటుని డ్రై పోర్టు అంటారు. నీళ్లు లేని రేవన్నమాట!

రాష్ట్రాలకు పేచీ లేదు, అందరిదీ ఒకే ప్రహరీ. చిక్కంతా దేశాలకే. నేపాల్ సరుకు కోల్‌కతా, విశాఖ రేవుల్లో దిగి మన నేల మీదుగా వెళ్లాలంటే రెండు దేశాలూ ఒప్పందం రాసుకోవాలి. ఉజ్బెకిస్తాన్‌ది మరీ కష్టం. చుట్టూ ఉన్న ఐదు దేశాల్లో ఒక్కదానికీ మహాసముద్ర తీరం లేదు. వెనకింటికి వెనకిల్లు! అలాంటి దేశం ప్రపంచంలో ఇంకొక్కటే ఉంది, యూరప్‌లో. అట్లాస్ తీసి వెతికి పట్టుకోండి చూద్దాం.