ఉద్దానమున నీటి లెక్క

పలాస నుండి వజ్రపుకొత్తూరు దారి పట్టిన బాటసారికి ఈ సీమలో నీటి ఎద్దడి ఉండగలదని ఒక పట్టాన తోచదు. ఎటు చూచినను జీడి, కొబ్బరి, పనస తోటలు. ఉద్యానవనమన్న మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఏటా సుమారు 1100 మిల్లీమీటర్ల వాన పడు చోటిది. ఒక ఎకరముపై పది సెంటీమీటర్ల వాన కురిసినచో అది నాలుగు లక్షల లీటర్ల నీరు! మరి వేసవిలో బావులు అడుగంటుట ఎందువలన?

పడమట 1501 మీటర్ల మహేంద్రగిరి, తూర్పున సముద్రము. నడుమ మైదానము ఇరుకు. కొండపై పడిన వాన మహేంద్రతనయలోను, చిన్న గెడ్డలలోను పడి త్వరలోనే కడలి చేరును. తీరపు ఇసుకనేల నీటిని వేగముగా త్రాగును గాని పట్టి ఉంచలేదు.

ఇక్కడ ఒక విషయము నిదానముగా ఆలోచింపవలెను. తీరమున భూగర్భములోని మంచినీరు ఉప్పునీటిపై తేలియుండును. సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచినచో, ఆ మట్టమునకు దిగువ సుమారు 40 అడుగుల వరకు మంచినీరే ఉండునని శాస్త్రజ్ఞులు గణించినారు. దీనిని త్రిప్పి చూచినచో భయము కలుగును. మోటారుతో తోడి మట్టమును ఒక అడుగు దించినచో, కాలక్రమమున ఉప్పునీరు 40 అడుగులు పైకి రాగలదు. పైగా సముద్రమట్టమే పెరుగుచున్నది. టెక్కలి చేరువ నౌపడ ఉప్పుమళ్ళను చూచినవారికి కడలి ఎంత దగ్గరనున్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ రాకపోకలను ముందుగా లెక్కించుటకు శాస్త్రజ్ఞులు పరీవాహక ప్రాంతపు నమూనాలను కల్పించినారు. నమూనా అనగా మట్టిబొమ్మ కాదు. కంప్యూటరులో వ్రాసిన జమాఖర్చుల చిట్టా. వాన జమ, ఆవిరి, ప్రవాహము, నేలలోనికి ఇంకుట ఖర్చులు. అమెరికా వ్యవసాయ శాఖవారు రూపొందించిన ‘స్వాట్’ అట్టిది. మన నాగావళి పరీవాహకమునకు ఇట్టి గణనలు జరిగినవి. వంశధారకైతే కాశీనగర్ వద్ద కొలిచిన ప్రవాహము ఆధారముగా దొరకును. గడచిన ఏండ్ల వానను నమూనాకిచ్చి, అది చూపిన ప్రవాహమును కొలిచిన ప్రవాహముతో సరిచూతురు. రెండును పొసగిన పిమ్మటనే రాబోవు కాలపు వానను దానికిత్తురు.

గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము అధికముగా ఆవిరిని మోయగలదు. మధ్యభారతమున రోజుకు 150 మిల్లీమీటర్లు మించిన వానలు 1950–2015 మధ్య సుమారు 75 శాతము పెరిగినవని 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ నివేదిక తెలిపినది. మొత్తము వాన మారకున్నను, ఇరువది దినములలో పడవలసినది అయిదు దినములలో పడినచో ఏరు పొంగును, బావి నిండదు. అయితే నమూనా జోస్యము కాదు. ఒక్క నమూనా ఇచ్చిన అంకెను నమ్మి గట్టు కట్టరాదు; పెక్కింటిని పోల్చి చూడవలెను.

2018 అక్టోబరు 11న పలాస చేరువ తీరము దాటిన తిత్లీ తుపాను ఏండ్ల తరబడి పెంచిన కొబ్బరిని, జీడిని కూల్చినది. కరెంటు లేక మోటార్లు తిరుగలేదు. నేలలో నీరుండియు జనము దాహముతో అలమటించిరి. అందుచేత ఊరికొక చేదబావినైనను బాగుగా ఉంచుకొనుట పాతకాలపు మాట కాదని నా అభిప్రాయము.

మూత్రపిండ వ్యాధితో కుములుచున్న ఈ పల్లెలకు హిరమండలము జలాశయము నుండి త్రాగునీరు తెచ్చు పథకము 2023 డిసెంబరు 14న ప్రారంభమైనది. వ్యాధి మూలమేదో ఇంకను నిర్ధారణ కాలేదు గాని, మంచినీరు అవసరమనుటలో వివాదము లేదు. ఆ నీరు వంశధారది. వంశధార పుట్టినది ఒడిశా కొండలలో. అక్కడి వాలులపై అడవి పలుచనైనచో ఇక్కడి కుళాయికి ఆ సంగతి తెలియును.

కావున పని కొండ నుండియే మొదలు కావలెను: పైన చెట్టు, వాలునకు అడ్డముగా కందకములు. దిగువ చెరువులకు పూడికతీత ఎంత ముఖ్యమో, అలుగుల మరమ్మతు అంతకంటె ముఖ్యము. కుండపోతవానకు ముందుగా తెగునది బలహీనపు గట్టే. తోటలో కొబ్బరిచెట్టు చుట్టు గోతిలో కాయల డొక్కలను పరచి మట్టి కప్పినచో తేమ చాలకాలము నిలుచును.

ఇక ఇంటివారు చేయదగినది ఒకటి కలదు. బావి ఒరపై ఒక గుర్తు పెట్టి, పక్షమునకొకసారి తాడుతో నీటిమట్టము కొలిచి గోడ పంచాంగముపై వ్రాసికొనుడు. ప్రక్కనే వాన పడిన తేదీని గుర్తింపుడు. నమూనాలు కట్టువారికి కొరతగా ఉన్నవి పల్లెబావుల ఈ అంకెలే. మొదటి కొలతను తొలకరికి ముందే తీసికొనుట మేలు.