వందమంది ఆడే ఆట

చదరంగంలో ఆటగాడు లేచిపోతే ఆట అక్కడే ఆగుతుంది. సెల్‌ఫోనులో వందమంది ఒకేసారి తలపడే పబ్జీ వంటి ఆటల తీరు వేరు. మనం లేచినా పోరు సాగుతుంది. జట్టులోని తక్కిన ముగ్గురు నష్టపోతారు. విద్యార్థిని కట్టిపడవేసేది తుపాకుల మోత కాదు, ఈ స్నేహధర్మమే. నాంపల్లి స్టేషనులో ఆట మొదలుపెట్టి, అరగంటైనా ముగించలేక, కళ్లెదుటే రైలు పోగొట్టుకొన్నవాణ్ణి కనుక చెబుతున్నాను.

2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీని నిషేధించింది. 2021 జూలైలో అది బీజీఎంఐ పేరుతో తిరిగి వచ్చినపుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటల పరిమితి పెట్టారు. నా దృష్టిలో అదీ ఎక్కువే. ఎన్ని ఆటలు ఆడతారో జట్టుకు ముందే చెప్పండి. అప్పుడు లేవడం ద్రోహం కాదు. పరీక్షల వేళ జట్టులో చేరకపోవడమే మర్యాద. అపరిచితుని గొంతు ఎంత తీయగా ఉన్నా మైకులో ఇంటి చిరునామా చెప్పకండి.