మనిషి – అతని చుట్టూ ఉన్న నలుగురు

మానవుడు సంఘజీవి. పాఠ్యపుస్తకాలలో చదివి, పరీక్షలలో వ్రాసి, పిమ్మట మనం మరచిపోయే వాక్యాలలో ఇది ఒకటి. ఇందులోని అర్థం మాకు పుస్తకంలో గాక ఒక మెకానిక్ షెడ్డులో బోధపడింది. కనుక ఆ సంగతితోనే ఈ వ్యాసాన్ని ప్రారంభిస్తున్నాము.

మా తరగతిలో ఒక విద్యార్థి ఉండేవాడు. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి కళాశాలలో చేరాడు. తెలుగు తరగతిలో చివరి బెంచిమీద గోడ పక్కన కూర్చుండేవాడు. ఏమి అడిగినా లేచి నిలబడి తల వంచుకొనేవాడే తప్ప నోరు విప్పేవాడు కాడు. ఇతనికి తెలుగు రాదు, నేర్చుకొనే ఆసక్తి అంతకన్నా లేదు అని మేము తీర్మానించుకొన్నాము. ఒక సెలవు దినాన మా స్కూటరు మొరాయిస్తే ఒక షెడ్డుకు తీసికొనిపోయాము. అది ఆ విద్యార్థి తండ్రిగారిదేనని మాకు తెలియదు. అతడు నేలమీద కూర్చుండి ఒక మోపెడ్ చక్రం విప్పుతూ, పల్లె నుండి వచ్చిన ముసలి రైతుతో మాట్లాడుతున్నాడు. "పెద్దాయనా, టైరు అరిగి అద్దమైపోయింది. దీనికి అతుకులేస్తే నీ డబ్బులు దండగ. పంట చేతికొచ్చిందాకా ఓపిక పట్టు, పాతదొకటి మంచిది చూసి వేస్తా" అంటున్నాడు. "అట్లనే కానీ భాయ్" అని రైతు నవ్వాడు. ఆ తెలుగులో తడబాటు లేదు, బెరుకు లేదు. మమ్ములను చూడగానే మాత్రం అతని మాట ఆగిపోయింది.

"ఇంత చక్కగా మాట్లాడతావు గదా, క్లాసులో ఎందుకు మాట్లాడవు బాబూ?" అని అడిగాము. "ఇక్కడ ఎవరూ నవ్వరు సార్" అన్నాడు.

బాలుడు ఒక్కడే, నాలుక ఒక్కటే. మారినది చోటు, చుట్టూ ఉన్న మనుషులు. మేము ఆ బాలుని చూచాము గాని, అతని చుట్టూ ఉన్న తరగతిని చూడలేదు. అతని మౌనం అతని స్వభావమనుకొన్నాము గాని, ఆ మౌనంలో మా తరగతికీ, మాకూ పాలున్నదని గ్రహించలేదు.

ఇది మా ఒక్కరి పొరపాటు కాదు. ఇతరుల ప్రవర్తనకు కారణం వెదికేటప్పుడు మనుషులు వారి గుణగణాలను ఎక్కువగానూ, వారున్న పరిస్థితిని తక్కువగానూ లెక్కకు తీసికొంటారు. అమెరికా మనస్తత్త్వ శాస్త్రవేత్త లీ రాస్ 1977లో ఈ అలవాటుకు ఒక పేరు పెట్టాడు. తెలుగులో దానిని 'మౌలిక ఆపాదన దోషం' అనవచ్చును. విద్యార్థి ఆలస్యంగా వస్తే సోమరి అంటాము, మనం ఆలస్యమైతే బస్సు రాలేదంటాము. పరుల విషయంలో గుణం, మన విషయంలో పరిస్థితి! ఈ రెండు తూకపురాళ్ళతో తూచినంత కాలం న్యాయం జరగదు గదా.

జర్మనీ నుండి 1933లో అమెరికాకు వలసపోయిన యూదు శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ ఈ విషయాన్ని సూత్రప్రాయంగా చెప్పాడు. మనిషి ప్రవర్తన కేవలం మనిషివల్ల గాని, కేవలం పరిసరంవల్ల గాని కలిగేది కాదు, ఆ రెండింటి కలయికవల్ల కలిగేది అన్నాడు. విత్తనం మంచిదైనా నేల చవుడైతే మొలక రాదు, నేల ఎంత సారవంతమైనా విత్తనం లేనిదే పంట లేదు. ఈ సంగతి మన రైతుకు ఏ శాస్త్రమూ చెప్పనక్కరలేదు. మనుషుల విషయంలోనే మనం దానిని మరచిపోతాము.

పరిస్థితి మొట్టమొదట మన ఆలోచనలో ప్రవేశిస్తుంది. టర్కీ దేశంలో జన్మించిన ముజఫర్ షెరిఫ్ అనే శాస్త్రవేత్త 1935లో ఒక ప్రయోగాన్ని ప్రకటించాడు. చిమ్మచీకటి గదిలో ఒక చిన్న వెలుగు చుక్కను చూపించేవాడు. ఆ చుక్క కదలదు. కాని చీకటిలో చూచేవారికి అది కదిలినట్లు కనిపిస్తుంది. ఎంత దూరం కదిలిందని ఒంటరిగా అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క చెప్పారు. ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చుండబెడితే కొద్దిసేపటికే అందరి లెక్కలూ దగ్గరపడ్డాయి. మరల ఒంటరిగా అడిగినప్పుడు కూడ వారు ఆ జట్టు లెక్కనే పట్టుకొన్నారు. నలుగురిలో నేర్చుకొన్నది ఒంటరితనంలో కూడ వెంట వచ్చిందన్నమాట. 'ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతార'న్న మన సామెతకు ఇంతకన్న వ్యాఖ్యానం ఏమి కావాలి? 'ఖర్బూజే కో దేఖ్ కర్ ఖర్బూజా రంగ్ పకడ్తా హై' అని ఉర్దూలో సామెత. ఒక ఖర్బూజాను చూచి మరొక ఖర్బూజా రంగు పట్టుకొంటుందని దాని భావం. రెండు భాషలవారూ ఒకే అనుభవాన్ని రెండు విధాలుగా చెప్పుకొన్నారు.

చీకటిలో ఏదీ స్పష్టంగా కనబడదు కాబట్టి ఇతరులను నమ్మారు, పట్టపగలు కళ్ళెదుట కనిపించే సత్యాన్ని ఎవరు కాదంటారు అని విద్యార్థులు ప్రశ్నించవచ్చును. సాలమన్ ఆష్ అనే శాస్త్రవేత్త 1951లో ప్రకటించిన పరిశోధన ఇట్టి ప్రశ్నకే సమాధానం. ఒక కార్డుమీద ఒక గీత, మరొక కార్డుమీద మూడు గీతలు. ఆ మూడింటిలో మొదటి గీతతో సమానమైనది ఏది? ఒంటరిగా అడిగితే నూటికి ఒక్క తప్పు కూడ రాదు. కాని ఏడెనిమిది మంది ఉన్న జట్టులో ఒక్కడు తప్ప మిగిలినవారందరూ ముందుగా చేసికొన్న ఏర్పాటు ప్రకారం తప్పు జవాబే చెబుతారు. ఆ ఒక్కని వంతు చివరలో వస్తుంది. అటువంటి ప్రశ్నలలో సుమారు మూడవ వంతు జవాబులు జట్టుతోపాటే తప్పు దారి పట్టాయి. తమ కళ్ళమీద తమకే అనుమానం కలిగిందని కొందరన్నారు. తెలిసికూడ నలుగురిలో వేరుగా కనబడటం ఇష్టంలేక అట్లా చెప్పామని మరికొందరన్నారు. 'నలుగురితో నారాయణా' అనటం ఇదే.

ఆలోచనవలెనే ప్రవర్తన కూడ పరిస్థితికి లోబడుతుంది. బిబ్ లటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు పరిశోధకులు 1968లో మరొక ప్రయోగాన్ని ప్రకటించారు. గదిలో విద్యార్థి కాగితాలు పూర్తిచేస్తుండగా గోడలోని రంధ్రం నుండి పొగ రావటం మొదలవుతుంది. ఒంటరిగా ఉన్నవారిలో నూటికి 75 మంది బయటకు పోయి చెప్పారు. పక్కన ఇద్దరు మనుషులు చలించకుండా కూర్చున్నప్పుడు నూటికి 10 మంది మాత్రమే లేచారు. తక్కినవారు కళ్ళు నులుముకొంటూ, దగ్గుతూ, కాగితాలు నింపుతూ కూర్చున్నారు. పక్కవారు కంగారుపడలేదు కనుక ప్రమాదం లేదనుకొన్నారు.

ఈ పొగ గది మన కళాశాలలో లేదా? అధ్యాపకుడు పాఠం ముగించి "అర్థమైందా?" అని అడుగుతాడు. ప్రతి విద్యార్థీ పక్కవానివైపు చూస్తాడు. పక్కవాడు నిశ్చింతగా కనిపిస్తాడు. అందరికీ అర్థమైంది, నాకొక్కనికే కాలేదు అనుకొని నోరు మూసికొంటాడు. ఆ పక్కవాడు కూడ సరిగా అదే అనుకొంటున్నాడని ఇతనికి తెలియదు. "అయింది సార్" అని ముందు బెంచి నుండి ఒక గొంతు వినిపిస్తుంది. పరీక్ష జవాబు పత్రాలు దిద్దేటప్పుడుగాని అసలు సంగతి మాకు బయటపడదు. అడగనివారందరూ తెలివితక్కువవారు కారు, వారు ఒకరి మౌనాన్ని చూచి మరొకరు మౌనంగా ఉన్నవారు.

ఇక మానవ సంబంధాల విషయం. పైన చెప్పిన షెరిఫ్ తన సహచరులతో కలిసి 1954లో అమెరికాలోని ఒక్లహోమా రాష్ట్రంలో 22 మంది బాలురకు వేసవి శిబిరం నిర్వహించాడు. పదకొండేళ్ళ ప్రాయంవారు, ఒకే మతం, ఒకే విధమైన కుటుంబాలు, పూర్వపరిచయం లేనివారు. వారిని రెండు జట్లుగా విడదీసి వేరువేరుగా ఉంచారు. తరువాత ఆటల పోటీలు పెట్టి గెలిచినవారికే బహుమతులన్నారు. కొద్ది రోజులలోనే తిట్లు, ఒకరి జెండాను మరొకరు తగులబెట్టటం, బసలమీద దాడులు మొదలైనాయి. భాషాభేదం లేదు, మతభేదం లేదు, పాతపగలు లేవు. 'మేము', 'వారు' అనే రెండు మాటలు, ఒకరు ఓడితేగాని మరొకరు గెలవని ఏర్పాటు ఉంటే చాలినవి.

అటుపిమ్మట వారిని ఒకచోట కూర్చుండబెట్టి భోజనాలు పెట్టారు, సినిమాలు చూపించారు. వైరం తగ్గలేదు సరిగదా, భోజనశాలలో అన్నపానీయాలే ఆయుధాలైనాయి. చివరకు శిబిరానికి నీరు రావటం ఆగిపోయినప్పుడు రెండు జట్లూ కలిసి లోపాన్ని వెదకవలసి వచ్చింది. ఆహారం తేవలసిన లారీ కదలకపోతే కలిసి తాడు పట్టి లాగవలసి వచ్చింది. ఇటువంటి పనులు ఒకటి వెంట ఒకటి చేసిన మీదటనే పగ మెత్తబడింది. ఈ శిబిరంలో నిర్వాహకులు తమ చేతివాటం కొంత చూపించారని తరువాతివారు విమర్శించారు. ఆ విమర్శ గమనింపదగినదే. అంతకు ముందు సంవత్సరం 1953లో ఇటువంటి ప్రయత్నమే విఫలమైంది. ఏలననగా అక్కడి బాలురు జట్లుగా విడిపోక పూర్వమే పరస్పరం స్నేహితులైనారు. పిమ్మట వారిని ఎంత రెచ్చగొట్టినా తగాదా రాజుకోలేదు. మా దృష్టిలో నెగ్గిన ప్రయోగం కన్న ఈ నెగ్గని ప్రయోగమే గొప్ప పాఠం.

ఉర్దూ, తెలుగు రెండు భాషల విద్యార్థులూ ఉన్న మన కళాశాలకు ఈ పాఠం వర్తించదా? మనలో పగలు లేవు, అది సంతోషించవలసిన విషయం. అయినా క్యాంటీనులో చూడండి. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారు ఒక బల్ల చుట్టూ, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారు మరొక బల్ల చుట్టూ కనిపిస్తారు. ఒకే కప్పు క్రింద కూర్చున్నంత మాత్రాన మనసులు కలుస్తాయనుకొనటం పొరపాటని ఆ శిబిరమే చెప్పింది. కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి. కొత్త విద్యార్థులు వచ్చిన మొదటి వారంలోనే, వేరువేరు గుంపులు గట్టిపడకముందే, ఇరువురినీ కలిపి జట్లు కట్టాలి. గోడపత్రిక గాని, ఆటలు గాని, వార్షికోత్సవ నాటకం గాని ఒకరు లేనిదే మరొకరికి సాగని విధంగా పనులు పంచాలి. దీనికి ఖర్చు లేదు, శ్రద్ధ చాలును.

అయితే మనిషి పరిస్థితుల చేతిలో కీలుబొమ్మ యేనా? కాదు. అట్లా అనుకొంటే తప్పు చేసిన ప్రతివాడూ నేరాన్ని పరిస్థితిమీదికి నెట్టి తప్పుకొంటాడు. ఆష్ ప్రయోగంలో సుమారు నాలుగవ వంతు మంది ఒక్కసారి కూడ జట్టుకు తల ఒగ్గలేదు. అంతకన్న ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఆ జట్టులో మరొక్కడు నిజం పలికితే చాలు, తప్పు జవాబులు నాలుగవ వంతుకు పడిపోయాయి. వందమంది అక్కరలేదు, తోడుగా ఒక్కడు చాలునన్నమాట. ఇతరులు మనకు పరిస్థితి అయినట్లే, మనం ఇతరులకు పరిస్థితి. మన నవ్వు ఒకని నోరు మూయించగలదు, మన మాట ఒకని నోరు తెరిపించగలదు. దీనికి మాత్రం ప్రతివాడూ బాధ్యుడే.

ఆ షెడ్డు నుండి తిరిగి వచ్చిన పిమ్మట మేము తరగతిలో కూర్చుండే పద్ధతిని మార్చాము. ఇద్దరిద్దరిని జంటలుగా చేసి, ఉర్దూ మాధ్యమంవారి పక్కన తెలుగు మాధ్యమంవారిని కూర్చుండబెట్టాము. తమకు తెలిసిన ఒక పనిని గురించి వ్రాసి చదవమన్నాము. మన విద్యార్థి పంక్చరు వేయటాన్ని గురించి వ్రాశాడు. చదువుతూ ఒక ఒత్తు తప్పు పలికాడు. వెనుక నుండి ఎవరో కిసుక్కున నవ్వారు. అతడు ఆగిపోయాడు. అప్పుడు పక్కన కూర్చున్న కుర్రవాడు వెనుదిరిగి, "నవ్వకండిరా, చదవనివ్వండి" అన్నాడు. అంతే. మన విద్యార్థి చివరివరకు చదివి కూర్చున్నాడు.

మా ఇన్నాళ్ళ బోధనకన్న ఆ రెండు మాటలు ఎక్కువ పని చేశాయని ఒప్పుకొనటానికి మేము సిగ్గుపడము. అటువంటి మాట పలుకగల విద్యార్థి ప్రతి బెంచిమీదా ఒక్కడైనా ఉండాలని మా ఆకాంక్ష.