గురువారం రాత్రి పబ్బు క్విజ్

తాగనివాళ్ళకి పబ్బులో ఏం పని అని మన సంఘంలోనే కొందరు అడుగుతూ ఉంటారు. పనుంది. ఆస్పత్రి ఉద్యోగం పుణ్యమా అని ఏదో చిన్న ఊళ్ళో వచ్చిపడ్డ మనలాంటి కుటుంబాలకి, ఒకరు పిలవకపోయినా వెళ్ళి చుట్టుపక్కలవాళ్ళతో ఒక బల్ల దగ్గర కూచోగల చోట్లు ఈ దేశంలో ఎక్కువ లేవు. పబ్బు క్విజ్ అలాంటిదొకటి. తలకి ఒకటో రెండో పౌన్లు కట్టి, లైమ్ సోడా తెచ్చుకుని కూచుంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఇంగ్లండులో 2007 జూలై నుంచి పబ్బుల్లో పొగ తాగడం నిషేధం గనక, చీరలకి సిగరెట్టు కంపు పడుతుందన్న పాత అభ్యంతరం కూడా ఇప్పుడు చెల్లదు.

మేము ఆరుగురం. రెండు తెలుగు జంటలు, ఒక స్కాటిష్ నర్సు, ఫార్మసీలో పనిచేసే ఒక ఇంగ్లీషాయన. రాత్రి డ్యూటీ లేని గురువారాల్లో మూడేళ్ళుగా ఆడుతున్నాం. అరడజను పబ్బులు చూశాక ఒక సంగతి తేలింది. కొన్ని రాత్రులు కారులో నవ్వుకుంటూ ఇంటికొస్తాం, కొన్ని రాత్రులు ఎవరి కిటికీలోంచి వాళ్ళు చూసుకుంటూ వస్తాం. దీనికీ గెలుపోటములకీ సంబంధం బహు తక్కువ. అట్టడుగున వచ్చి, చెక్క గరిటె బహుమతి పుచ్చుకుని కూడా ఆనందంగా వచ్చిన రాత్రులున్నాయి.

ఆట తెలియనివారికోసం రెండు ముక్కలు. ఎనిమిది గంటల ప్రాంతంలో మొదలవుతుంది. బల్లకి నలుగురైదుగురు, మించితే ఆరుగురు. క్విజ్ మాస్టరు మైకులో ప్రశ్నలు చదువుతాడు, మనం గుసగుసలాడుకుని కాగితం మీద జవాబు రాస్తాం. ఒక వరస ప్రశ్నలయ్యాక పక్క బల్లవాళ్ళతో కాగితాలు మార్చుకుని దిద్దుతాం. ఒక వరస పాటల మీద, ఒకటి ఫోటోల మీద ఉండటం రివాజు. జనం పల్చగా ఉండే వారం మధ్య రాత్రుల్లో గిరాకీ కోసం పుట్టిన ఆట ఇది. 1976లో బర్న్స్, పోర్టర్ అనే ఇద్దరు దక్షిణ ఇంగ్లండు పబ్బుల్లో దీన్ని ఒక పద్ధతిగా నడిపించడంతో దేశమంతా పాకిందంటారు. అంటే మూలం వ్యాపారమే. అయితేనేం, మన తిరనాళ్ళకి మాత్రం కొట్లవాళ్ళు లేరా?

ఇక అసలు విషయం. రాత్రి బాగుండటం, చెడటం తొంభై పాళ్ళు ప్రశ్నలు రాసినవాడి చేతిలో ఉంటుంది. మంచి ప్రశ్న అంటే మా ఉద్దేశంలో తెలిసిన ప్రశ్న కాదు, తేల్చుకోగల ప్రశ్న. ఉదాహరణకి, నాలుగు భుజాలు లేని జాతీయ జెండా ఏ దేశానిది? వినగానే ఎవరికీ తట్టదు. ఒకరు స్విట్జర్లండు అంటారు, అది చతురస్రం కదా అని ఇంకొకరు కొట్టేస్తారు. ఎవరో గాలిలో వేలితో గీతలు గీస్తారు, రెండు త్రికోణాలు ఒకదానిమీదొకటి కనిపిస్తాయి. నేపాల్! ఆ నిమిషంలో బల్ల చుట్టూ ఉన్న ఆరు తలకాయలూ పనిచేశాయి. జవాబు తప్పినా ఫరవాలేదు, "అయ్యో, నోటిదాకా వచ్చిందే" అనిపిస్తుంది. అదే ఫలానా సంవత్సరం ఫలానా ఫుట్‌బాల్ ఫైనల్లో రెండో గోలు కొట్టిందెవరంటే, తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. కలం కింద పెట్టి సోడా తాగడమే.

మన నిరాశలకి ముఖ్య కారణం ఇక్కడుంది. చాలామంది క్విజ్ మాస్టర్లు తమ చిన్నతనంలోంచి ప్రశ్నలు తీస్తారు. 1960లో మొదలైన కొరొనేషన్ స్ట్రీట్‌లో ఎవరు ఎవరిని పెళ్ళాడారు, ఆనాటి పిల్లల టెలివిజన్ కార్యక్రమంలో కుక్కపేరేమిటి. ఇలా పది ప్రశ్నలు వరసగా వస్తే, పాతికేళ్ళ తరవాత పరాయి దేశంలో ఎమ్.బి.బి.ఎస్. చదివి వచ్చినవాడికి ఆ పావుగంట చాలా పొడుగ్గా ఉంటుంది. తెలియనందుకు బాధ కాదు. పక్క బల్లలన్నీ ఒక్కసారిగా ఘొల్లుమని నవ్వుతుంటే, ఎందుకు నవ్వుతున్నారో అడిగి చెప్పించుకోవలసి రావడం కష్టం. మన నర్సమ్మకి క్రికెట్ ప్రశ్నలప్పుడు ఇదే గతి, ఆవిడ మొహం చూసి మాకు కొంత ఊరట. 1983 ప్రుడెన్షియల్ కప్పు ఫైనల్లో మనవాళ్ళు 183కి అవుటై కూడా వెస్టిండీస్‌ని 43 పరుగుల తేడాతో ఓడించారని మేము ఆవిడకి ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాం.

డాక్టర్లకి ఇంకో చిక్కుంది. శరీరం మీద ప్రశ్న రాగానే బల్లంతా మనవైపు తిరుగుతుంది. ఎముకలెన్ని అంటే 206 అని రాసేస్తాం, గొడవ లేదు. అన్నిటికన్నా పెద్ద అవయవం ఏది అంటే ఆయనకి కావలసింది చర్మం. ఒకరు కాలేయం అంటారు, ఇంకొకరు బరువా వైశాల్యమా అంటారు, ఇద్దరు రిజిస్ట్రార్ల మధ్య అది కేస్ కాన్ఫరెన్సు అయిపోతుంది. ఇలాంటప్పుడు నిజమేమిటో కాదు, ఆయన కాగితం మీద ఏముందో ఊహించి రాయాలి. క్విజ్ మాస్టరుదే తుది తీర్పు అన్నది బ్రిటిష్ రాజ్యాంగంలో రాయని నిబంధనల్లో ఒకటి. అందుకని ఆయన కాగితం తప్పయితే రాత్రి పాడవుతుంది. రాసినవాళ్ళు పుస్తకంలోంచి పుస్తకంలోకి ఎత్తిపోస్తూ ఉంటారు. అమెరికాలో ఫ్రెడ్ వర్త్ అనే ఆయన తన పుస్తకాన్ని ఎవరైనా కాపీకొడితే పట్టుకుందామని, టెలివిజన్ డిటెక్టివ్ కొలంబోకి ఫిలిప్ అని ఒక ఉత్తుత్తి పేరు పెట్టి అందులో ఇరికించాడు. ఆ ఫిలిప్పే ట్రివియల్ పర్స్యూట్ ఆటలో జవాబుగా ప్రత్యక్షమైంది. ఆయన 1984లో దావా వేశాడు, ఓడిపోయాడు. ఉత్త తప్పుకి ఎంతమందికి మార్కులు పడ్డాయో!

మిగతా రోగాలు చిన్నవి. మైకు గరగర, మధ్యలో విరామం అరగంట దాటడం, ప్రతివారం గెలిచే ఒకే బల్ల, బల్లకింద టెలిఫోను చూసుకునే పెద్దమనుషులు. ఈ చివరిదానికి మంచి మందు ప్రశ్నలోనే ఉంది. వెతికితే దొరికే ప్రశ్నకి కాపలా కావాలి, తేల్చుకునే ప్రశ్నకి అంత అక్కర్లేదు. ఫోటోల కాగితం మాత్రం ఏ పబ్బులోనూ మానకూడదు. షిఫ్టు దిగి ఆలస్యంగా వచ్చినవాళ్ళు కూడా వెంటనే ఆటలో కలవడానికి అదే దారి.

పోయిన చలికాలం మా వార్డుకి ఒక పరికరం కొనడానికి చందాల కోసం క్విజ్ పెట్టారు. ప్రశ్నలు రాసే పని మా బల్లకి పడింది. అందులో రెండు చెబుతాం. ఏ ఆస్ట్రేలియా జంతువుకి తెలుగు మాటలోంచి వచ్చిన పేరుంది? హాలంతా కంగారూ దగ్గర మొదలుపెట్టి, తెలుగంటే ఏమిటో మమ్మల్నే అడిగి, చివరికి ఐదు బల్లలవాళ్ళు బాండికూట్ అని రాశారు. పందికొక్కు ఇంగ్లీషువాడి నోట్లో బాండికూట్ అయి, అక్కణ్ణుంచి ఆస్ట్రేలియా జంతువుకి అంటుకుందని చెప్పాక, తెల్లారి వార్డు రౌండులో ఒక సిస్టరు "పాండికోకూ" అంటూ ఎదురొచ్చింది. రెండోది, బ్రిటనుకి మొట్టమొదటి నోబెల్ బహుమానం తెచ్చిన పని ఏ దేశంలో జరిగింది? ఊరి పేరు కూడా రాస్తే ఇంకో మార్కు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో. 1902లో బహుమానం వచ్చింది. ఇండియా అని చాలామంది పట్టారు, సికింద్రాబాదు అని రాసింది ఒక్క బల్ల. అక్కడ తెలుగువాళ్ళెవరూ లేరు, ఒక రిటైరైన ల్యాబు టెక్నీషియన్ ఉన్నాడు. ఆయన సంతోషం చూడాలి!

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం, ఉగాదికి మన సంఘం కూడా క్విజ్ పెడుతుందని కమిటీవారు అంటున్నారు. చాలా సంతోషం. కానీ ఇతర ఊళ్ళలో మనవాళ్ళ క్విజ్‌లు రెండు మూడు చూశాం. ప్రశ్నలన్నీ పాత సినిమా పాటలు, శతకాలు, పంచాయతీ సమితుల నాటి రాజకీయాలు. పెద్దలు ఘొల్లుమని నవ్వుతుంటే ఇక్కడ పుట్టిన పిల్లలు గోడవారగా కుర్చీలేసుకుని టెలిఫోన్లు చూసుకుంటున్నారు. కొరొనేషన్ స్ట్రీట్ దగ్గర మన మొహాలు ఎలా ఉంటాయో సరిగ్గా అలాగే ఉన్నాయి. ఇంకో ఏడాది రమ్మంటే హోంవర్కు ఉందంటారు.

పిల్లల బల్ల వేరు, పెద్దల బల్ల వేరు అని మాత్రం పెట్టవద్దని మనవి. ప్రతి బల్లకీ ఒక పిల్లో పిల్లాడో, ఒక అమ్మమ్మో తాతయ్యో తప్పకుండా ఉండాలి. 2023లో ఆస్కారు తెచ్చుకున్న తెలుగు పాట ఏదంటే పిల్లలు చేతులెత్తుతారు. రాసిన కవి ఎవరంటే పెద్దలవైపు తిరుగుతారు. ఆ తిరగడమే కావాలి. తగువులు తెచ్చే ప్రశ్నలు ముందే ఏరెయ్యాలి. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద ఎప్పుడు విడుదలైంది అని అడిగారా, సగంమంది పాత పుస్తకాల ప్రకారం 1931 సెప్టెంబరు అంటారు, మిగతా సగం తరవాతి పరిశోధన ప్రకారం 1932 ఫిబ్రవరి 6 అంటారు, పులిహోర చల్లారిపోతుంది.

ప్రశ్నలు ఖాయం చేసేముందు కాగితాన్ని ఒక పన్నెండేళ్ళ పిల్లకీ, మొన్నే ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడకీ చూపించాలి. ఇద్దరిలో ఏ ఒక్కరికైనా వరసగా నాలుగు ప్రశ్నలు అందకపోతే ఆ వరస తిరగరాయాలి. కావలసినవారు మమ్మల్ని పిలిస్తే గురువారం తప్ప ఏ సాయంత్రమైనా వచ్చి కూచుంటాం.