కుక్కపిల్ల మెడలో వదులైన కీలు

జిరాఫీకైనా, మనిషికైనా, కుక్కకైనా మెడలో ఉండే వెన్నుపూసలు ఏడే. వీటిలో మొదటిది అట్లాస్, రెండవది ఆక్సిస్. కింది వెన్నుపూసల మధ్య ఉన్నట్లు ఈ రెండింటి మధ్య డిస్కు ఉండదు. ఆక్సిస్ ముందుభాగాన 'డెన్స్' అనే ఎముక మొన ఉంటుంది. అది అట్లాస్ వలయంలోకి చొచ్చుకొని, గట్టి లిగమెంట్లతో కట్టుబడి, ఇరుసులా పనిచేస్తుంది. కుక్క తలను అటూ ఇటూ తిప్పగలిగేది ప్రధానంగా ఈ కీలు వల్లనే.

కొన్ని కుక్కపిల్లలలో పుట్టుకతోనే డెన్స్ లోపిస్తుంది, లేదా పొట్టిగా ఉంటుంది. కొన్నింటిలో లిగమెంట్లు సరిగా ఏర్పడవు. అప్పుడు తల వంచగానే ఆక్సిస్ పైకి జరిగి వెన్నుపామును నొక్కుతుంది. యార్క్‌షైర్ టెర్రియర్, చివావా, టాయ్ పూడుల్, పామరేనియన్ వంటి చిన్న జాతులలో ఈ లోపం ఎక్కువ. చాలావరకు రెండేళ్లలోపే మెడనొప్పి, తూలుతూ నడవడం, నాలుగు కాళ్లూ పట్టు తప్పడం కనిపిస్తాయి. శ్వాసకు మెదడు పంపే ఆజ్ఞలు ఈ దారినే దిగుతాయి. కనుక ఒత్తిడి తీవ్రమైతే ఊపిరి ఆగి ప్రాణమే పోవచ్చు.

రోగనిర్ధారణలో చిక్కు ఇక్కడే ఉంది. కీలు వదులైందని తేల్చాలంటే మెడ వంచి చూడాలి; ఆ వంచడమే ప్రమాదం! అందుచేత ముందుగా మెడను వంచకుండా పక్కనుంచి ఎక్స్‌రే తీస్తారు. అట్లాస్ పైభాగానికీ, ఆక్సిస్ వీపువైపు ముల్లుకూ మధ్య ఎడం పెరిగిందేమో చూస్తారు. మత్తు ఇస్తే మెడను కాపాడే కండరాలు సడలుతాయి కాబట్టి అప్పుడు మరింత జాగ్రత్త కావాలి. ఎముకల ఆకృతిని సి.టి. స్కాన్, వెన్నుపాము స్థితిని ఎం.ఆర్.ఐ. స్పష్టంగా చూపుతాయి.

కుక్కలలో ఈ లోపాన్ని 1967లో పశువైద్య పత్రికలో వర్ణించారు. లక్షణాలు స్వల్పంగా ఉంటే మెడ కదలకుండా కట్టు కట్టి, కొన్ని వారాలు పూర్తి విశ్రాంతినిస్తారు. తీవ్రంగా ఉంటే శస్త్రచికిత్స చేస్తారు. తొలి పద్ధతులలో మెడ పైవైపు నుంచి రెండు ఎముకలనూ తీగతో బిగించేవారు. ఇప్పుడు ఎక్కువగా గొంతువైపు నుంచి వెళ్లి, స్క్రూలు, పిన్నులు, బోన్ సిమెంటుతో బిగిస్తారు. కీలులోని మృదులాస్థిని గీకి తీసివేస్తే క్రమంగా ఎముకలు రెండూ అతుక్కుంటాయి. తల తిప్పే సౌలభ్యం కొంత తగ్గినా వెన్నుపాముకు రక్షణ దొరుకుతుంది. అయితే ఎముకలు చాలా చిన్నవి. స్క్రూ కాస్త దారి తప్పినా వెన్నుపామే గాయపడవచ్చు.

తూలుతున్న చిన్న కుక్కపిల్లను మెడపట్టీతో లాగకండి, మెడ వంచి పరీక్షించకండి. తల, మెడ, వీపు ఒకే వరుసలో ఉండేలా పలకమీద పడుకోబెట్టి వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. చికిత్స అక్కడినుంచే మొదలవుతుంది.