గుర్రపు డెక్క మింగిన కాడ్మియం

చెరువులో గుర్రపు డెక్క కనిపిస్తే చాలు, మనకు ఒళ్లు మండుతుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన నీళ్లన్నీ కప్పేసిన ఈ కలుపుకు పని అప్పగించినవాడు నాసా శాస్త్రవేత్త బిల్ వోల్వర్టన్. మిసిసిపీలోని నాసా కేంద్రంలో ఆయన బృందం కాడ్మియం, నికెల్, సీసం, పాదరసం కలిసిన నీళ్లలో ఈ మొక్కలను పెంచి, ఏ లోహాన్ని ఎంత పీల్చుకుంటున్నాయో కొలిచి 1975లో నివేదికలు ఇచ్చింది. ఆ తర్వాత అక్కడి ప్రయోగశాలల రసాయన జలాన్ని ఈ మొక్కలు నిండిన కాలువలోకి మళ్లించారు.

ఒక మొక్కను పైకి లాగి చూడండి. కింద ఈకల్లాంటి నల్లటి వేర్లు గుత్తులుగా వేలాడుతుంటాయి. అసలు పని జరిగేది అక్కడే. వేరు కణాల గోడల్లో పెక్టిన్ ఉంటుంది, దానికి రుణావేశం. నీటిలోని లోహ అయాన్లకు ధనావేశం. అందుకే అవి వచ్చి వేరుకు అంటుకుంటాయి. లోపలికి చొరబడిన కాడ్మియాన్ని గంధకం ఉన్న చిన్న పెప్టైడ్లు పట్టి బంధిస్తాయి, కణంలోని రిక్తికలో దాచేస్తాయి. మొక్క ఇలా తనను తాను కాపాడుకుంటూ నీటిని కడుగుతుంది. అంతకంటే ఆశ్చర్యం క్రోమియం సంగతి. తోళ్ల శుద్ధి, క్రోమ్ ప్లేటింగ్ నీళ్లలో భయపెట్టేది ఆరు సంయోజకత గల రూపం. సన్నటి పిల్లవేర్లు దాన్ని చాలా తక్కువ విషం ఉన్న మూడు సంయోజకత రూపానికి మార్చేస్తాయని 1998లో తేలింది.

అయితే ఒక్క మాట మరవకూడదు. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి, లోహాన్ని మాత్రం ఎవరూ తినలేరు. అది నీటి నుంచి వేరులోకి మారిందంతే. మొక్క అక్కడే చచ్చి కుళ్లితే పీల్చిన విషం మళ్లీ నీటిలోకే చేరుతుంది. కాబట్టి ఈ యంత్రంలో సగమే మొక్క, మిగతా సగం కోత. వేళకు వేర్లతో సహా తీసి, ఎండబెట్టి, భద్రమైన గుంతలో పూడ్చాలి, లేదా కాల్చి ఆ బూడిదను జాగ్రత్త చేయాలి. ఆమ్లం ఎక్కువైనా, లోహం మోతాదు మించినా మొక్కే చనిపోతుంది. అందుకే ఘాటైన వ్యర్థానికి ముందు రసాయన శుద్ధి జరగాలి, మొక్కల వంతు ఆ తర్వాతే.

పటాన్‌చెరు పక్కన నక్కవాగు పారిశ్రామిక వ్యర్థాలతో ఎలా విషమైందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. అలాంటి నీటిలో పెరిగిన గుర్రపు డెక్కను దయచేసి పశువులకు వేయకండి, ఎరువుగా పొలంలో చల్లకండి.